పని నేర్పే చదువు : ఉస్తాదు ముంగిట నుండి ఫోను తెర దాకా

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - ఈ మూడు ఊళ్లలోనూ మనవారి బతుకు ఎక్కువగా చేతిపని మీదనే నడుస్తున్నది. పసిడిపురి అనీ, రెండవ బొంబాయి అనీ పేరు తెచ్చుకున్న ప్రొద్దుటూరులో బంగారు పని, బట్టల వ్యాపారం, దర్జీపని. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనులు, పాలిషింగు మిషన్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. పులివెందుల వైపు చీనీ, అరటి తోటలు, లారీలు, మోటార్ల రిపేరు షెడ్లు. ఎక్కడ చూసినా బేల్దారి, వెల్డింగు, వైరింగు, పరుపులు కుట్టడం వంటి పనులలో మన పిల్లలు కనబడతారు. దేశం మొత్తం మీద కూడా ఇదే తీరు. జస్టిస్ రాజేంద్ర సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం పనిచేసే ముస్లింలలో నూటికి 61 మంది స్వయం ఉపాధి మీదనే ఆధారపడినవారు. ఇరవై ఏళ్లు దాటినవారిలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవారు నూటికి నలుగురు కూడా లేరని ఆ నివేదిక తేల్చింది.

కాబట్టి "పని ఎలా నేర్చుకోవాలి?" అనేది మనకు పండితుల చర్చ కాదు, అన్నం కుండకు సంబంధించిన ప్రశ్న. ఇప్పుడు ఎవరిని అడిగినా "అన్నీ ఫోనులోనే ఉన్నాయి భాయ్, చూసి నేర్చుకోవచ్చు" అంటున్నారు. ప్రభుత్వం వారు తమ ఉద్యోగులకు శిక్షణ తెరమీదనే ఇస్తున్నారు. కంపెనీలూ అంతే. దీనికి ఇ-లెర్నింగు అని పేరు. పనిచేసేవారికి ఈ చదువు నిజంగా పని నేర్పుతున్నదా? నేర్పితే ఎవరికి, ఏ మేరకు? మన సొసైటీ డబ్బు కొద్దిపాటిది. దానిని తెరలకు పెట్టాలా, ఉస్తాదులకు పెట్టాలా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కు పోయి చూడక తప్పదు. ఎందుకంటే దూరంనుండి పని నేర్పే ప్రయత్నం నిన్నమొన్నటిది కాదు. దానికి దాదాపు 180 ఏళ్ల చరిత్ర ఉన్నది.

ఉస్తాదు - షాగిర్దు

మొదట మన పాత పద్ధతిని చూద్దాం. దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) తన చేతికష్టంతోనే తిన్నారని హదీసులో ఉన్నది. చేతిపనికి మన సంప్రదాయంలో అంత గౌరవం. ఆ పని ఉస్తాదు దగ్గర షాగిర్దుగా కూర్చుంటేనే వచ్చేది. పిల్లవాడు మొదట అంగడి ఊడుస్తాడు, పానాలు అందిస్తాడు, టీ తెస్తాడు. ఏడాది గడిచాక పనిముట్టు చేతికి వస్తుంది. తప్పు చేస్తే ఉస్తాదు చెయ్యి పట్టుకొని దిద్దుతాడు.

మక్తబులో ఖుర్ఆన్ నేర్చుకోవడంలో కూడా ఇదే క్రమం. ఉస్తాదు సబఖ్ ఇస్తాడు. మరునాడు పిల్లవాడు వచ్చి ఆ సబఖ్‌ను ఒప్పజెప్పాలి. ఉస్తాదు చెవి ఒగ్గి వింటాడు, ఉచ్చారణ తప్పితే అక్కడే ఆపి సరిచేస్తాడు. అది సరిగ్గా వస్తేనే తరువాతి సబఖ్. ఇందులో రెండు పనులున్నాయి. పాఠం చెప్పడం ఒకటి, పాఠం ఒప్పజెప్పించుకోవడం ఇంకొకటి. ఈ రెండింటి తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. ఈ వ్యాసం అంతా దానిమీదనే నడుస్తుంది.

అయితే పాత పద్ధతిలో అంతా మంచే ఉన్నదని చెప్పలేము. ఏళ్ల తరబడి కూలి లేని చాకిరీ ఉండేది. కొందరు ఉస్తాదులు అసలు మర్మం కొడుక్కో, అల్లుడికో దాచిపెట్టేవారు. ఆడపిల్లలకు చాలా పనుల వాకిలి మూసే ఉండేది. పదేళ్లు పనిచేసినా చేతిలో కాగితం ముక్క ఉండేది కాదు. అన్నిటికంటే పెద్ద లోపం ఏమంటే, ఉస్తాదుకు తెలిసినంత వరకే షాగిర్దుకు వస్తుంది. కొత్త మిషను వచ్చిననాడు ఇద్దరూ ఒకేచోట నిలబడిపోతారు.

తపాలాలో వచ్చిన విద్య

ఈ లోపం ఒక్క మన దేశానిదే కాదు. ఇంగ్లండులో 1840లో ఒక పెన్నీ స్టాంపుతో దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే ఏర్పాటు వచ్చింది. అదే ఏడు ఐజాక్ పిట్‌మన్ అనే ఆయన తాను కనిపెట్టిన షార్టుహ్యాండును కార్డులమీద అచ్చువేయించి తపాలాలో పంపడం మొదలుపెట్టాడు. నేర్చుకునేవారు ఒక భాగాన్ని షార్టుహ్యాండులో రాసి తిరిగి పంపేవారు. ఆయన దానిని దిద్ది మళ్లీ పంపేవాడు. ఆఫీసు గుమాస్తా పనికి దూరవిద్య అక్కడనే మొదలయింది. ఆ కార్డుల బలం పోవడంలో కంటే తిరిగి రావడంలోనే ఉన్నది. సబఖ్ ఒప్పజెప్పడమంటే ఇదే గదా!

లండన్ యూనివర్సిటీ 1858లో ఎక్కడ చదువుకున్నవారైనా తన పరీక్షలకు కూర్చోవచ్చునని తలుపు తెరిచింది. అమెరికాలో మరొక ముఖ్యమైన సంగతి జరిగింది. పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో ప్రమాదాలు ఎక్కువై, గనుల్లో బాధ్యతగల పనివారికి పరీక్ష ఉండాలనే చట్టం వచ్చింది. కానీ గనిలో పగలంతా పనిచేసేవాడు బడికి ఎప్పుడు పోతాడు? స్క్రాంటన్ పట్టణంలో పత్రిక నడుపుతున్న థామస్ ఫోస్టర్ 1891లో గని భద్రత మీద తపాలా పాఠాలు ప్రారంభించాడు. పాఠం చిన్నది, మాటలు సులువు, ప్రతి పాఠం చివర ప్రశ్నలు. జవాబులు పంపితే దిద్ది పంపేవారు. అదే ఇంటర్నేషనల్ కరెస్పాండెన్స్ స్కూల్స్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. పనివాడు పని మానకుండా చదువుకోవచ్చునని లోకానికి చూపిన మొదటి పెద్ద ఉదాహరణ అది. నాపరాయి గనుల్లోనూ, సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ పనిచేసే మన జమ్మలమడుగు వైపు సోదరులకు ఈ కథ తెలిసి ఉండడం మంచిది.

మన దేశంలో ఢిల్లీ యూనివర్సిటీ 1962లో కరెస్పాండెన్సు కోర్సులు పెట్టింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో మొదలుపెట్టింది. టీచర్లు, గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు ఎందరో వాటివల్ల పై మెట్టు ఎక్కినారు. కానీ చేతిపని చేసేవారికి ఇవి అందలేదు. ఇంగ్లీషు రావాలి, ముందు ఇంటర్ ప్యాసై ఉండాలి, ఫీజు కట్టాలి. మన షెడ్డులో పిల్లవాడికి ఆ మూడూ లేవు.

రేడియో, టెలివిజన్

చదవడం రానివానికి చెవి ఉన్నది గదా అని పెద్దలు ఆలోచించారు. 1956లో పూనా ప్రాంతంలో రేడియో గ్రామీణ వేదికలు అనే ప్రయోగం చేశారు. దాదాపు 150 పల్లెల్లో రైతులు గుంపుగా కూర్చుని అరగంట వ్యవసాయ కార్యక్రమం విని, తరువాత దానిమీద మాట్లాడుకునేవారు. వారి ప్రశ్నలు రేడియోకు పోయేవి, జవాబులు మరొకరోజు వచ్చేవి. పాల్ న్యూరాత్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించాడు. ఏం తేలిందంటే, వేదిక ఉన్న పల్లెల్లో రైతులకు తెలివిడి బాగా పెరిగింది. రేడియో ఉండి వేదిక లేని పల్లెల్లో పెరుగుదల నామమాత్రమే. అంటే పెట్టె ఒక్కటే నేర్పలేదు, పెట్టె చుట్టూ కూర్చున్న మనుషులు ఒకరికొకరు నేర్పుకున్నారన్నమాట.

మన కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. పొలం పనుల మీద రేడియో చెప్పిన మాటలు మన పెద్దలు విని, గట్టుమీద కూర్చుని "అది మన నేలకు పనికొస్తుందా?" అని తర్కించుకున్నవారే.

తరువాత వచ్చింది టి.వి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఒక ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పంట, ఆరోగ్యం, పిల్లల చదువు గురించిన కార్యక్రమాలను చాలామంది చెబుతారు. కాని పనిచేసేవారి శిక్షణకు సంబంధించిన అసలు ముచ్చట మరొకటి. ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్సు ఎలా చెప్పాలో పన్నెండు రోజుల శిక్షణ ఈ ఉపగ్రహం ద్వారా ఇచ్చారు. 1975 అక్టోబరులో ఒక విడత, 1976 వేసవిలో ఇంకొక విడత, రెండూ కలిపి దాదాపు 48 వేలమంది టీచర్లు. వారిని అందరినీ ఒక ఊరికి పిలిపించి శిక్షణ ఇవ్వాలంటే ఎన్ని ఏళ్లు పట్టేదో ఆలోచించండి.

ఆ శిక్షణలో టి.వి. ఒక్కటే లేదు. రేడియో ఉన్నది, అచ్చు పుస్తకం ఉన్నది, చేతితో చేసే ప్రయోగాలు ఉన్నాయి, పక్కన ఉండి అడిగిన దానికి జవాబు చెప్పే అనుభవజ్ఞుడైన టీచరు ఉన్నాడు. తెర చెప్పింది, మనిషి ఒప్పజెప్పించుకున్నాడు. యాభై ఏళ్లకింద మన దేశం చేసిన ఈ ఏర్పాటును ఇప్పటి వారు చాలాచోట్ల మరచిపోయారని మా అభిప్రాయం.

తెలుగువారి ఓపెన్ యూనివర్సిటీ

1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దీనిని నిలబెట్టిన తొలి వైస్ ఛాన్సలర్ జి.రామిరెడ్డి గారు కరీంనగర్ ప్రాంతంవారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీకి కూడా ఆయనే తొలి వైస్ ఛాన్సలర్ అయినారు. మన తెలుగువారు దేశానికి నేర్పిన పాఠం ఇది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు.

ఇంటర్ ప్యాస్ కాకపోయినా, పద్దెనిమిదేళ్లు నిండినవారు ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునన్న నియమం ఎందరి తలరాతనో మార్చింది. బడి మానేసి అంగట్లో కూర్చున్నవాడు, చిన్న వయసులో పెళ్లయి ఇంట్లో ఉన్న ఆడబిడ్డ, బస్సు కండక్టరు, కానిస్టేబులు - ఇటువంటివారు ఆదివారం ఆదివారం అధ్యయన కేంద్రానికి పోయి డిగ్రీ తెచ్చుకున్నారు. రామిరెడ్డి గారు పుస్తకాలను ఇంటికి పంపి ఊరుకోలేదు. రేడియో పాఠాలు పెట్టారు, దానితోపాటు ఊరూరా కేంద్రాలు, అక్కడ అడిగితే చెప్పే కౌన్సెలర్లు ఉండాలని పట్టుబట్టి ఏర్పాటు చేశారు.

ఉర్దూ తెలిసిన మనవారికి ఇంకొక మేలు జరిగింది. పార్లమెంటు చట్టం ద్వారా హైదరాబాదులో 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూ మాధ్యమంలో వృత్తి, సాంకేతిక విద్యను నేరుగానూ, దూరవిద్య ద్వారానూ అందించడం దాని బాధ్యతగా చట్టంలోనే రాశారు. ఆ యూనివర్సిటీవారి పాలిటెక్నిక్ 2018లో మన కడపకే వచ్చింది. ఇంకా ఈ సంగతి తెలియని కుటుంబాలు మన మూడు ఊళ్లలోనూ ఉన్నాయి. సభ్యులు ఈ మాట నలుగురికీ చేరవేయాలి.

మన ఇంటిపక్కనే ఒక ప్రయోగం

ఇ-లెర్నింగు అంటే ఎక్కడో అమెరికా మాట అనుకునేవారికి పులివెందుల నుండి కొద్ది దూరంలోనే జవాబున్నది. వేంపల్లె మండలం ఇడుపులపాయలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అదే మనవాళ్లు త్రిబుల్ ఐటీ అంటారు, ప్రారంభమయింది. బాసరలోనూ, నూజివీడులోనూ దానికి తోబుట్టువులున్నాయి. పల్లెటూరి ప్రభుత్వ బళ్లలో పదవ తరగతి బాగా ప్యాసైన పిల్లలను ఆరేళ్ల చదువుకు తీసుకున్నారు. చిత్తూరు జిల్లాలో పుట్టి కంప్యూటరు శాస్త్రంలో 1994లో ట్యూరింగ్ బహుమతి పొందిన డాక్టర్ రాజ్ రెడ్డి గారు తొలి ఛాన్సలర్. ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్ ఇచ్చి, మంచి అధ్యాపకుల పాఠాలు తెరమీద చూపి, వేలమందికి ఒకే మేలైన చదువు అందించాలన్నది ఆయన ఆలోచన.

అంత గొప్ప తెరల చదువులో కూడా తరగతి తరగతికీ మెంటార్లు అనే పేరుతో మనుషులను పెట్టినారు. పాఠం తెర చెబితే, "ఏది, ఈ లెక్క చెయ్యి చూద్దాం" అని అడిగేది మెంటారు. కంప్యూటరు శాస్త్రంలో లోకం మెచ్చిన పెద్దమనిషి తలపెట్టిన చోటనే మనిషి అక్కర తీరలేదంటే, మన చిన్న అంగళ్లలో, షెడ్లలో తీరుతుందని ఎట్లా అనుకోగలం?

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఇక పరిశోధకుల మాట విందాం. అమెరికాలో రిచర్డ్ క్లార్క్ అనే విద్యావేత్త 1983లో ఒక మాట తేల్చి చెప్పాడు. రేడియో అయినా, టి.వి. అయినా, కంప్యూటరు అయినా పాఠాన్ని మోసుకొచ్చే బండి మాత్రమేననీ, నేర్పేది బండి కాదు పాఠం చెప్పే తీరేననీ ఆయన వాదన. మన భాషలో చెప్పాలంటే బియ్యం ఎద్దులబండిలో వచ్చినా లారీలో వచ్చినా వండే చేతినిబట్టే అన్నం. 1999లో థామస్ రస్సెల్ అనే ఆయన 355 పరిశోధనలను ఒకచోట చేర్చి పుస్తకం వేశాడు. తరగతిలో చదివినా దూరంనుండి చదివినా ఫలితంలో చెప్పుకోదగిన తేడా లేదన్నదే దాని సారం.

పనిచేసేచోట శిక్షణకు సంబంధించి ముఖ్యమైనది 2006లో ట్రేసీ సిట్జ్‌మన్, ఆమె సహచరులు వెలువరించిన పరిశీలన. 96 అధ్యయనాలను, 19,331 మంది శిక్షణార్థుల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. "ఇది ఏమిటి?" అనే తెలివిడి నేర్పడంలో ఇంటర్నెట్టు శిక్షణ తరగతి గదికంటే నూటికి ఆరు పాళ్లు మెరుగు. "ఇది ఎలా చేయాలి?" అనే పనితనంలో మాత్రం రెండూ సమానం. బోధించే తీరు రెండింట్లో ఒకటే అయితే ఆ ఆరు పాళ్ల తేడా కూడా పోయింది. కానీ నేర్చుకునేవానికి తన వేగంలో తాను పోయే వీలు, దీర్ఘకాలం కోర్సు, సాధన, తప్పొప్పులు చెప్పడం - ఇవన్నీ ఉన్నచోట ఇంటర్నెట్టు శిక్షణ 19 పాళ్లు మేలుగా నిలబడింది. సాధన, తప్పొప్పులు చెప్పడం - అదే మన ఒప్పజెప్పడం!

డాక్టర్లు, నర్సులు మొదలైనవారి ఇంటర్నెట్టు శిక్షణమీద 2008లో 201 అధ్యయనాలను పరిశీలించినప్పుడు కూడా ఇట్లాగే తేలింది. ఏ శిక్షణా లేనివారితో పోలిస్తే ఎంతో మేలు. మామూలు తరగతితో పోలిస్తే తేడా కొంచెమే. 2010లో అమెరికా విద్యాశాఖవారు ప్రకటించిన సమీక్షలో తెర, మనిషి రెండూ కలిసిన శిక్షణ వట్టి తరగతి గదికంటే మేలని వచ్చింది. అయితే అటువంటి కోర్సుల్లో నేర్చుకునే సమయం కూడా ఎక్కువ దొరికిందని, గొప్పంతా తెరది కాదని వారే హెచ్చరించారు.

ఒంటరిగా వదిలిపెడితే ఏమవుతుందో కూడా చూశాం. 2012 నుండి పెద్ద పెద్ద యూనివర్సిటీల ఉచిత కోర్సులు ఇంటర్నెట్టులో వెల్లువగా వచ్చాయి. మన దేశంలో స్వయం అనే పేరుతో 2017 జూలైలో ప్రారంభించారు. మంచి పాఠాలే. అయితే ప్రపంచం మొత్తంమీద ఇటువంటి కోర్సుల్లో చేరినవారిలో చివరిదాకా నిలిచినవారు చాలా వాటిలో నూటికి పదిమందిని మించలేదు. చేరడం సులువు, నిలబడడం కష్టం.

దీనికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ మన పొరుగు కర్ణాటక పల్లెల్లో పుట్టింది. డిజిటల్ గ్రీన్ అనే సంస్థవారు రైతులతోనే రైతుల పనిని వీడియో తీయించి, సాయంత్రం గుంపుగా చూపించారు. వీడియోను మధ్యలో ఆపి "అర్థమయిందా? నువ్వయితే ఏం చేస్తావ్?" అని అడిగే ఊరి మనిషి ఒకరు ఉండేవారు. పాత పద్ధతితో పోలిస్తే ఖర్చుపెట్టిన డబ్బుకు పదిరెట్లు ఫలితం వచ్చిందని పరిశోధకులు చెప్పారు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో కూడా రైతులకు ఈ పద్ధతిలో వీడియోలు చూపించారు. 1956 నాటి పూనా రేడియో వేదికకూ దీనికీ తేడా పెట్టెలోనే. కిటుకు మాత్రం అదే.

మన ఊళ్ల పనుల్లో

ఇప్పుడు మన వీధుల్లోకి వద్దాం. 2020 ఏప్రిల్ 1 నుండి దేశంలో భారత్ స్టేజి-6 బండ్లే అమ్మాలన్న నియమం వచ్చింది. మోటారు సైకిళ్లలో కార్బురేటరు పోయి ఇంజెక్టరు, సెన్సారు వచ్చాయి. ముప్పై ఏళ్లుగా చెవితో ఇంజను జబ్బు కనిపెట్టే ఉస్తాదులు ఒక్కసారిగా కొత్త షాగిర్దులైపోయారు. ఇక్కడ ఫోను చేసిన మేలు కాదనలేము. సెన్సారు ఎక్కడుంటుంది, ఎర్రలైటు ఎన్నిసార్లు మినుకుమంటే ఏ లోపం అని వీడియోలు చూసి తెలుసుకున్నవారు షెడ్డు షెడ్డులోనూ ఉన్నారు. ఉస్తాదుకు కూడా తెలియనిది వచ్చినప్పుడు తెర ఒక్కటే దిక్కు. కానీ ఏ మెకానిక్కును అడిగినా చెబుతాడు - వీడియో చూసి తెలివి వస్తుంది, పది బండ్లు విప్పితేనే చెయ్యి వస్తుంది అని.

బంగారు పనిలో 2021 జూన్ 16 నుండి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగలమీద ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండితీరాలి. ఈ నియమం ఏమిటో, సంఖ్యను ఫోనులో ఎలా సరిచూడాలో ఒక గంట వీడియోతో నేర్పవచ్చు. రాయి పొదిగే పని మాత్రం గంట వీడియోతో రాదు. పటకారు పట్టిన వేలు ఎంత బిగించాలో తెర చెప్పలేదు. 2017 జూలైలో వచ్చిన జి.ఎస్.టి. లెక్కలు కూడా అంతే. బట్టల అంగళ్లలో గుమాస్తాలు నియమాలను ఫోనులో తెలుసుకున్నా, మొదటి రిటర్ను పక్కన ఎవరైనా కూర్చుంటేనే ధైర్యంగా వేశారు.

ప్రభుత్వోద్యోగుల సంగతి చూస్తే, టీచర్లకు నిష్ఠ అనే శిక్షణ 2019 ఆగస్టులో నేరుగా మొదలై, కరోనా కారణంగా 2020 అక్టోబరు నుండి దీక్షా అనే వేదికమీదకు మారింది. ఆ గడ్డుకాలంలో శిక్షణ ఆగకుండా సాగడం మెచ్చుకోదగిన విషయం. అయితే ఇటువంటి శిక్షణల్లో వీడియో ఆడించి ఫోను పక్కన పెట్టి, చివర సర్టిఫికెట్టు దించుకునే అలవాటు కూడా వచ్చిందని టీచర్లే నవ్వుతూ చెప్పుకుంటారు. తప్పు వారొక్కరిది అనలేము. అడిగేవారు లేని పాఠానికి అంతకంటే గతి ఏముంటుంది?

ఇక అన్నిటికంటే బరువైన మాట మన ఆడబిడ్డలది. ఇంట్లో కూర్చుని జాకెట్లు కుట్టే, మగ్గం పని చేసే చెల్లెళ్లకు, ఆపాలకు ఇ-లెర్నింగు దేవుడిచ్చిన వరం అనిపిస్తుంది. బయటికి పోనక్కరలేదు, ఉస్తాదు మగవాడన్న సంకోచం లేదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడినవారు నూటికి 21 మందేనని తేలింది. మగవారిలో 48.8. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటే అక్కకు కోర్సు ఎక్కడిది? ఆ సర్వే తరువాత ఫోన్లు పెరిగాయి నిజమే. కానీ ఫోను ఇంట్లో ఉండడం వేరు, అది ఆమె చేతికి, ఆమెకు తీరిక దొరికిన వేళకు రావడం వేరు. ఈ తేడా పోనంతవరకు తెర చదువు ఉన్నవారికే ఇంకా పెడుతుంది, లేనివారిని ఇంకా వెనక్కు నెడుతుంది.

మన సొసైటీ ఏం చేయవచ్చును?

ఇంత చరిత్రనుండి మాకు తోచింది ఒక్కటే. కార్డు వచ్చినా, రేడియో వచ్చినా, ఉపగ్రహం వచ్చినా, ఫోను వచ్చినా పాఠం చెప్పే ఖర్చు తగ్గుతూ వచ్చింది. ఒప్పజెప్పించుకునే ఖర్చు మాత్రం తగ్గలేదు. అది మనిషి సమయం గనుక తగ్గదు కూడా. కొత్త సాధనం వచ్చినప్పుడల్లా ఆ రెండవ ఖర్చును ఎగ్గొట్టాలని చూసినచోట పని రాలేదు. పెట్టినచోట వచ్చింది.

కాబట్టి సభ్యుల ముందు కొన్ని సూచనలు పెడుతున్నాము. పిల్లలకు తలా ఒక ట్యాబు కొనిచ్చే ఆలోచన కన్నా, మూడు ఊళ్లలో తలా ఒక గది, అందులో ఒక పెద్ద తెర, వారానికి రెండు సాయంత్రాలు కూర్చునే ఒక ఉస్తాదుకు గౌరవవేతనం - ఇది మేలు. పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. కేంద్ర ప్రభుత్వంవారి భారత్ స్కిల్స్ వేదికలో ఐ.టి.ఐ. వృత్తుల పాఠాలున్నాయి. వీడియో చూపి, ఆపి, పనిముట్టు చేతికిచ్చి "ఏది, చేసి చూపు" అని అడిగే పెద్దమనిషి మన దగ్గర ఉండాలి. పని మానుకున్న ముసలి ఉస్తాదులు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. వారి అనుభవం వారితోనే మట్టిలో కలిసిపోకముందే వారిని పిలవాలి.

ఆడవారికి మధ్యాహ్నం వేళ ప్రత్యేకంగా ఆ గది ఇవ్వాలి. పని తెలిసిన ఆపాలే అక్కడ నేర్పాలి. వీడియో ఏ భాషలో ఉన్నా, మాటలు మనం ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనో తెలుగులోనో విడమరచి చెప్పాలి. పని వచ్చి కాగితం లేనివారికి ప్రభుత్వ నైపుణ్య పరీక్ష రాయించి సర్టిఫికెట్టు ఇప్పించే బాధ్యత చదువుకున్న మన యువకులు తీసుకోవాలి. కువైటు పోయే పిల్లవాడికి ఆ కాగితం ఎంత విలువైనదో పోయివచ్చినవారిని అడిగితే చెబుతారు.

గురువులేని విద్య గుడ్డి విద్య అన్నారు మన తెలుగు పెద్దలు. గురువు ఒక్కడే ఉండి కొత్త సంగతి తెలియకపోతే ఆ విద్య కుంటిదవుతుందని మనం చేర్చుకోవాలి. తెర చూపు ఇస్తుంది, ఉస్తాదు నడక నేర్పుతాడు. ఖుర్ఆన్ అవతరణ మొదలైనదే చదువుమన్న ఆజ్ఞతో. ఆ చదువు ఏ పలకమీద వచ్చినా స్వీకరిద్దాం. అయితే మరునాడు పిల్లవాడు సబఖ్ ఒప్పజెప్పడానికి వచ్చినప్పుడు వినడానికి మనలో ఒకరు అక్కడ కూర్చుని ఉండేటట్లు చూసుకుందాం. అల్లాహ్ మన శ్రమలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.